జపనీస్ క్లాసులోకి తెలుగును రానివ్వండి

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఎంటర్‌ప్రైజెస్ అసోసియేషన్, అంటే మనందరం హైసియా అని పిలుచుకునే సంఘం అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో మీ సభ్య సంస్థల ఉద్యోగులకు జపనీస్ నేర్పే ఉపాధ్యాయురాలిని నేను. ఇక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టగల సంఘం మీది కాబట్టి, ఏ ఒక్క కంపెనీకో రాయకుండా మీకే రాస్తున్నాను. ఈ ఐటీ కారిడార్‌లో విదేశీ భాషల శిక్షణ ప్రాజెక్టు తేదీలను బట్టి, పాఠ్యపుస్తకం వరసను బట్టి నడుస్తోంది. నేర్చుకునే మనిషి జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో, ఆ మనిషి తలలో అప్పటికే ఏ భాష కుదురుకుని ఉందో ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. ఈ రెండూ లెక్కలోకి తీసుకుంటే, ఇప్పుడు పెడుతున్న డబ్బుతోనే, ఇప్పుడిస్తున్న గంటల్లోనే ఎంతో ఎక్కువ నేర్పవచ్చని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలేమిటో చెప్పడానికే ఈ ఉత్తరం.

1998 నవంబరులో సైబర్ టవర్స్ తలుపులు తెరుచుకున్నప్పుడు ఇక్కడి ఉద్యోగికి కావలసిన పరాయి భాష ఇంగ్లిషు ఒక్కటే. ఇప్పుడలా లేదు. జపాన్ క్లయింట్లున్న ప్రాజెక్టుల్లో రెండు వైపులా మాట్లాడగల మనిషికి బ్రిడ్జ్ ఇంజనీర్ అని ఉద్యోగం పేరే పెట్టారు. జర్మనీ 2024లో భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామంది. 2025 ఆగస్టులో భారత్, జపాన్ ప్రభుత్వాలు అయిదేళ్ళలో 5 లక్షల మంది రాకపోకలకు ప్రణాళిక వేసుకున్నాయి. అందులో ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళే నిపుణులు 50 వేలు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జావా, పైథాన్ బోర్డుల పక్కన జర్మన్, జపనీస్ బోర్డులు వెలిసింది ఇందుకే. అవసరం నిజమైనది. దాన్ని తీర్చే పద్ధతి దగ్గరే నా పేచీ.

మీ సంస్థల్లో శిక్షణ ఎలా మొదలవుతుందో మీకు తెలియంది కాదు. క్లయింట్ ఖాయమవుతాడు. శిక్షణ చూసే ఎల్ అండ్ డీ విభాగం వెండార్‌ను పిలుస్తుంది. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నవాళ్ళను, ఆన్‌సైట్ ఆశ ఉన్నవాళ్ళను కలిపి ఒక బ్యాచ్ కడతారు. ఆరు వారాల్లో జపనీస్ పరీక్షలో తొలి మెట్టు ఎన్5, ఆపైన మూడు నెలల్లో ఎన్4 అని స్లైడు మీద రాస్తారు. వారమంతా పని ఉంటుంది కనుక శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా క్లాసు. ప్రాజెక్టు మొదలైన రోజున క్లాసు ఆగిపోతుంది. పిల్లలు కష్టపడరని కాదు. శనివారం సాయంత్రానికి అరవై మాటలు గడగడా అప్పజెప్పి వెళతారు. మళ్ళీ శనివారం వచ్చేసరికి వాటిలో పదిహేను మిగిలితే గొప్ప. దాన్ని వాళ్ళు తమ తెలివితక్కువతనం అనుకుంటారు. కాదు, జ్ఞాపకశక్తి స్వభావమే అంత.

1885లో జర్మనీలో హెర్మాన్ ఎబింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని మరుపు ఎంత వేగంగా వస్తుందో కొలిచాడు. ఒకే రోజు ముద్దగా చదివిన దానికన్నా, అదే సమయాన్ని రోజుల మీద విడగొట్టి చదివింది ఎక్కువ నిలుస్తుందని అప్పటి నుంచి వందల ప్రయోగాల్లో తేలింది. వాటిలో నాకు బాగా ఇష్టమైనది 1993 నాటిది. అమెరికాలో బారిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన భార్య, ఇద్దరు కూతుళ్ళు, ఒకే ఇంటి నలుగురు కలిసి చేసిన అధ్యయనం అది. ప్రయోగం చేసిందీ వాళ్ళే, చేయించుకుందీ వాళ్ళే. ఒక్కొక్కరు 300 విదేశీ మాటలు తీసుకుని, కొన్నిటిని 14 రోజులకోసారి, కొన్నిటిని 28 రోజులకోసారి, కొన్నిటిని 56 రోజులకోసారి మననం చేశారు. ఆ తర్వాత అయిదేళ్ళ దాకా ఎంత గుర్తుందో చూసుకున్నారు. 56 రోజుల ఎడంతో 13 సార్లు చదివినవి, 14 రోజుల ఎడంతో 26 సార్లు చదివినవాటితో సమానంగా నిలిచాయి. సగం శ్రమకు అదే ఫలితం. ఎడం పెరిగితే మధ్యలో మరిచిపోతాం, మళ్ళీ గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడతాం. ఆ తంటాలే మాటను లోతుగా నాటుతాయి.

దీన్ని మీ క్యాలెండర్‌లోకి తెస్తే ఏమవుతుంది? శనివారం ఎనిమిది గంటలు తీసేసి, రోజూ మధ్యాహ్నం భోజనం ముందు ముప్పావు గంట ఇస్తారు. అంతకన్నా ముఖ్యం, సర్టిఫికెట్ వచ్చాక తలుపు మూసెయ్యకుండా నెలకోసారి, ఆ తర్వాత రెండు నెలలకోసారి ఒక మననం క్లాసు పెడతారు. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. కానీ ప్రాజెక్టు మొదలయ్యాక శిక్షణ ఖర్చు ఏ ఖాతాలో రాయాలో తెలియక చాలాచోట్ల ఆపేస్తారని హెచ్ఆర్ వాళ్ళే నాతో అన్నారు. ఖాతా సమస్య వల్ల భాష పోవడం బాధ కలిగిస్తుంది.

శిక్షణ విభాగాల వాళ్ళు తప్పకుండా తెలుసుకోవలసిన ప్రయోగం ఇంకొకటుంది. 2008లో జెఫ్రీ కార్పికే, హెన్రీ రోడిగర్ ఇద్దరూ కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి అర్థాలు నేర్పారు. ఒకసారి వచ్చేసిన మాటను కొందరు మళ్ళీ మళ్ళీ చదివారు. మరికొందరు చదవడం మానేసి, పుస్తకం మూసి ఆ అర్థాన్ని మళ్ళీ మళ్ళీ గుర్తుతెచ్చుకున్నారు. వారం తర్వాత గుర్తుతెచ్చుకున్నవాళ్ళకు దాదాపు 80 శాతం మాటలు నిలిచాయి. చదువుకుంటూ పోయినవాళ్ళకు మూడో వంతు నిలిచాయి. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయనుకుంటున్నారని ముందే అడిగితే, రెండు రకాల వాళ్ళూ ఇంచుమించు ఒకే లెక్క చెప్పారు, సగం అని. అంటే, ఏ పద్ధతి తనకు పనిచేస్తోందో నేర్చుకునేవాడికి లోపలి నుంచి తెలియదు. మీ సంస్థలు మాత్రం క్లాసు బాగుందో లేదో చెప్పమని ఆ శనివారం సాయంత్రమే ఫీడ్‌బ్యాక్ ఫారం నింపిస్తాయి. హాయిగా సాగిన క్లాసుకు అయిదు చుక్కలొస్తాయి. పిల్లలను తడుముకునేలా చేసిన క్లాసుకు మూడొస్తాయి. నిలిచేది రెండో క్లాసు. ఆ ఫారాన్ని నెల తర్వాత నింపించండి. దానికి ముందు పది నిమిషాలు మాట్లాడించండి.

మాట్లాడించడం అన్నాను కదా, అక్కడే అసలు చిక్కుంది. జపనీస్ సామర్థ్యానికి మీ సంస్థలన్నీ గుర్తించే పరీక్ష జేఎల్‌పీటీ. ఎన్5 నుంచి ఎన్1 దాకా అయిదు మెట్లు. మాటలు, వ్యాకరణం, చదవడం, వినడం అన్నీ ఇచ్చిన జవాబుల్లో ఒకదాన్ని గుర్తుపట్టే పద్ధతిలోనే ఉంటాయి. మాట్లాడే భాగం లేదు, రాసే భాగం లేదు. ఆ పరీక్షను నేను తప్పుపట్టడం లేదు. అది కొలుస్తానన్నదాన్ని చక్కగా కొలుస్తుంది. కానీ ఏ రకంగా సాధన చేశామో ఆ రకం పనికే జ్ఞాపకం సిద్ధంగా ఉంటుందని 1977లోనే ప్రయోగాలతో చూపించారు. గుర్తుపట్టడం సాధన చేసినవాడు గుర్తుపడతాడు. మాట్లాడటం వేరే పని. సెకనుకు రెండు మూడు మాటల చొప్పున, చెప్పదలచిందాన్ని పోగుచేసుకుంటూ, మాటలు వెతుక్కుంటూ, విభక్తులు తగిలిస్తూ, నోటిని కదిలించాలి. ఆ క్షణంలో మనం మనసులో పట్టి ఉంచగలిగేవి నాలుగు ముక్కలకు మించవు. ఎన్3 పాసై కూడా క్లయింట్ కాల్‌లో మ్యూట్ తీయలేని పిల్లలను మీలో చాలామంది చూసే ఉంటారు. వాళ్ళకు భాష రాదనడం అన్యాయం. వాళ్ళు చేయని సాధనను మనం అడుగుతున్నాం. పైగా తప్పు మాట్లాడితే మేనేజర్ వింటాడనే భయం, ఉన్న నాలుగు ముక్కల చోటులో ఒకటి రెండు ఆక్రమించేస్తుంది.

ఇప్పుడు నా గుండెకు దగ్గరైన విషయానికొస్తాను.

మన పిల్లలకు జపనీస్ ఇంగ్లిషులో నేర్పుతున్నారు. పుస్తకాలు ఇంగ్లిషు చదువరుల కోసం రాసినవి, వివరణలు ఇంగ్లిషువి, కొన్నిచోట్ల క్లాసులో తెలుగు వినిపించకూడదని నియమం కూడా ఉంది. జపనీస్ ప్రపంచంలోకెల్లా కష్టమైన భాషల్లో ఒకటని మొదటి రోజే చెబుతారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. అమెరికా దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ జపనీస్‌ను అతి కష్టమైన వర్గంలో పెట్టి, 2,200 క్లాసు గంటలు పడుతుందని లెక్కకట్టింది. అది ఇంగ్లిషు మాతృభాషగా పుట్టిపెరిగినవాళ్ళ మీద కట్టిన లెక్క. సిద్దిపేట నుంచో, నరసాపురం నుంచో వచ్చిన పిల్ల బుర్ర మీద కట్టింది కాదు.

తెలుగులో ఒక మామూలు వాక్యం తీసుకోండి: రేపు రాలేను అని చెప్పాడు. జపనీస్‌లో: అశిత కొరరెనై తొ ఇత్త. అశిత అంటే రేపు, కొరరెనై అంటే రాలేను, తొ అంటే అని, ఇత్త అంటే చెప్పాడు. నాలుగు ముక్కలు, నాలుగూ అదే వరసలో. ఇంగ్లిషులోకి వెళితే ఈ వరస మొత్తం తలకిందులవుతుంది: చెప్పాడు ముందుకొస్తుంది, రేపు చివరికి పోతుంది. ఇంగ్లిషు ద్వారా నేర్చుకునే మన విద్యార్థి ఆ వాక్యాన్ని తెలుగులో అనుకుని, ఒకసారి తలకిందులు చేసి ఇంగ్లిషులో పెట్టుకుని, మళ్ళీ తలకిందులు చేసి జపనీస్‌లోకి తెస్తాడు. నాలుగు ముక్కలకే చోటున్న మనసులో ఈ రెండు పల్టీలకు చోటెక్కడ? గోదావరి దాటి అవతలి ఒడ్డుకు పోవలసినవాణ్ణి ముందు సముద్రం దాకా తీసుకెళ్ళి వెనక్కి తెస్తున్నాం.

ఇది ఒక్క వాక్యంతో ఆగదు. నిన్న వచ్చిన మనిషి అనడానికి కినో కిత హితొ అంటారు: నిన్న, వచ్చిన, మనిషి. ఇంగ్లిషు పుస్తకాలు దీనికి ఒక అధ్యాయం కేటాయిస్తాయి, ఎందుకంటే ఇంగ్లిషువాడికి మనిషి ముందు, వచ్చిన సంగతి తర్వాత. మనవాడికి అధ్యాయం అక్కర్లేదు, అరనిమిషం చాలు. తోక్యో కర ఓసక మదె అంటే టోక్యో నుంచి ఒసాకా దాకా; మన విభక్తుల్లాగే మాట వెనక తగులుతాయి. ఇక తబెతె మిరు అనే ప్రయోగం. తబెతె అంటే తిని, మిరు అంటే చూడటం. తిని చూడు అని మనం ఎలా అంటామో అలాగే. అక్కడ కంటితో చూసే పనేమీ లేదని తెలుగువాడికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంగ్లిషు పుస్తకం మాత్రం ప్రయత్నార్థకమని పేరు పెట్టి, సూత్రం రాసి, పది అభ్యాసాలిస్తుంది. నా క్లాసుల్లో ఈ మాట తెలుగుతో కలిపి చెప్పిన రోజు గదిలో వినిపించే అలికిడి వేరు. ఇంత సేపూ దీన్నెందుకు దాచారండీ అని అడిగినవాళ్ళున్నారు.

ధ్వనుల్లో కూడా మన పిల్లలకు ముందే కొంత చేతిలో ఉంది. జపనీస్‌లో అచ్చు నిడివి మారితే అర్థం మారుతుంది: ఒబసన్ అంటే పిన్నో అత్తో, ఒబాసన్ అంటే నాయనమ్మ. హల్లు ఒత్తితే అర్థం మారుతుంది: కితె అంటే వచ్చి, కిత్తె అంటే కోసి. ఇంగ్లిషు మాట్లాడేవాళ్ళు ఈ తేడా వినడానికే నెలలు కష్టపడతారు. పలక, పాలక, మొగ, మొగ్గ అంటూ పెరిగిన చెవికి అది పుట్టుకతో వచ్చిన విద్య. పసిపిల్ల మొదటి ఏడాదిలోనే తన చుట్టూ వినిపించే భాషకు అవసరమైన తేడాలను నిలుపుకుని, అక్కర్లేని తేడాలను వదిలేస్తుందని జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో చూపించారు. వాళ్ళు వాడిన ధ్వనుల్లో హిందీలోని ట, త తేడా ఒకటి. ఇంగ్లిషు ఇళ్ళలోని పసిపిల్లలు ఏడాది నిండేసరికి దాన్ని పోగొట్టుకున్నారు. మనం అటువంటివి నిలుపుకున్నవాళ్ళం. చుక్క, చాప అనేటప్పుడు పళ్ళ దగ్గర పలికే చ ఉంది చూడండి, జపనీస్ ౘునామిలో మొదటి ధ్వని దాదాపు అదే. ఇంగ్లిషు నోళ్ళు దాన్ని పలకలేక స చేసుకున్నాయి, వాళ్ళ దగ్గర నుంచి తెచ్చుకుని మనమూ సునామీ అంటున్నాం.

అయినా మన క్లాసుల్లో మొదటి వారం జపనీస్‌ను ఇంగ్లిషు అక్షరాల్లో రాయిస్తారు. ఆ అక్షరాల్లో నిడివి సరిగ్గా కనబడదు, పిల్లలు దాన్ని ఇంగ్లిషులాగే చదువుతారు. తెలుగు లిపిలో రాస్తే నిడివీ, ఒత్తూ రెండూ స్పష్టంగా ఉంటాయి. ఒక వారం తెలుగు లిపి ఆసరాతో నడిపి, తర్వాత నేరుగా జపనీస్ అక్షరమాల హిరగానాలోకి వెళ్ళొచ్చు. ఆ హిరగానా పట్టిక అ, ఇ, ఉ, ఎ, ఒ అచ్చులతో మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ వరసలో సాగుతుంది. సంస్కృత మంత్రాల కోసం సిద్ధం లిపి నేర్చుకున్న జపాన్ బౌద్ధ భిక్షువుల ద్వారా మన వర్ణక్రమం అక్కడికి చేరింది. స మన చ వర్గం చోట ఉంది. హ వరసను పూర్వం ప అనేవారు. గుణింతం చదువుకున్న పిల్లకు ఆ పట్టికలో సగం ఇంట్లో మనిషే.

ఇంత పోలిక చూసి రెండు భాషలూ అక్కాచెల్లెళ్ళని నేను చెప్పబోవడం లేదు. ఓనో సుసుము అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కూ చుట్టరికం ఉందని వాదించాడు. భాషాశాస్త్రవేత్తలు దాన్ని అంగీకరించలేదు. పుట్టుక వేరైనా వాక్యం కట్టే తీరు ఒకటైంది, అంతే. క్లాసు గదికి అది చాలు. తెలుగు సాయపడని చోట్లూ ఉన్నాయి, వాటినీ ముందే చెప్పాలి. వచ్చాను, వచ్చావు, వచ్చింది అని మన క్రియ ఎవరో చెప్పేస్తుంది. జపనీస్ క్రియ చెప్పదు, సందర్భం నుంచి పట్టుకోవాలి. మన పిల్లలు అక్కడ తరచూ బోర్లా పడతారు. వ, గ అనే రెండు ప్రత్యయాల తేడా అందరికీ కష్టమే. రోజువారీ వాడుకకు నిర్ణయించిన 2,136 కంజి అక్షరాలకు ఎడమిచ్చి మననం చేయడం తప్ప దగ్గరిదారి లేదు. నా వాదన ఇదే: తెలుగు సాయపడే చోట గంటలు మిగుల్చుకుని, సాయపడని ఈ చోట్ల ఖర్చుపెట్టాలి.

తెలుగును క్లాసు బయట పెట్టడం సాధ్యమయ్యే పనేనా? సైబర్ టవర్స్ నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో, గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అంటే హెచ్‌సీయూలో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది. అక్కడ ప్రొఫెసర్ రమేశ్ కుమార్ మిశ్రా, ఆయన విద్యార్థులు రెండు భాషలవాళ్ళ కంటి కదలికలను కొలిచి పరిశోధనలు చేశారు. ఒక భాషలో మాట వింటున్నప్పుడు రెండో భాష మాటలు కూడా మనసులో మేలుకుంటాయని ఇలాంటి ప్రయోగాలు ప్రపంచమంతా చూపించాయి. గోడ మీద నియమం రాసినంత మాత్రాన తలలో తెలుగు ఆగదు. అది అక్కడ పనిచేస్తూనే ఉంటుంది. ఉపాధ్యాయుడు దానికి దారి చూపిస్తాడా, దొంగచాటుగా నడవనిస్తాడా అన్నదే తేలవలసింది. మన ఊళ్ళోనే పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి, 2013లో న్యూరాలజీ పత్రికలో ప్రచురించిన అధ్యయనం లోకమంతటికీ తెలుసు. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు రానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిషు నడిపించే హైదరాబాద్ బుర్ర భాషల మధ్య తిరగడంలో ఆరితేరినది. కొత్త భాష నేర్పేటప్పుడు మాత్రం ఆ నేర్పును గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి రమ్మంటున్నాం.

మా బ్యాచ్‌లో తమిళులు, ఒడియా వాళ్ళు, హిందీ వాళ్ళు కూడా ఉంటారు కదా, తెలుగులో చెబితే వాళ్ళ గతేమిటని మీరు అడుగుతారు. వాళ్ళ భాషల్లోనూ క్రియ చివరే వస్తుంది, విభక్తి మాట వెనకే తగులుతుంది. ఎవరి భాషలో వాళ్ళు ఆ వాక్యాన్ని పక్కన రాసుకుంటే పని జరుగుతుంది. ఉపాధ్యాయుడికి అన్ని భాషలూ రానక్కర్లేదు. ఇంగ్లిషు మీడియంలో చదివిన పిల్లలకు తెలుగు వ్యాకరణం తెలియదంటారు. చతుర్థీ విభక్తి పేరు తెలియకపోవచ్చు, అమ్మకు అనడం తెలుసు కదా, అది చాలు. క్లాసంతా తెలుగులో నడిపితే జపనీస్ ఎప్పుడు వింటారన్న ప్రశ్న మాత్రం గట్టిది. క్లాసు సమయంలో ఎక్కువ భాగం జపనీస్‌లోనే సాగాలని నేనూ అంటాను. తెలుగు తాళం తీసే నిమిషం పాటు రావాలి, తర్వాత తప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళు దాటాయి, ఇంక భాషలేం వస్తాయనేవాళ్ళకు కూడా ఒక మాట. 2018లో దాదాపు 6 లక్షల 70 వేల మంది జవాబులతో చేసిన అధ్యయనం, వ్యాకరణాన్ని పసితనంలోలా పట్టే శక్తి పదిహేడు, పద్దెనిమిది ఏళ్ళ తర్వాత తగ్గుతుందని చెప్పింది. అప్రయత్నంగా వచ్చే దారి ఇరుకైనప్పుడు, తెలిసినదానితో పోల్చి నేర్చుకునే దారి ఇంకా ముఖ్యమవుతుంది. పెద్దవాళ్ళకు ఇంగ్లిషు పుస్తకం మాత్రమే ఇవ్వడం ఆ దారినీ మూసేయడమే.

వినికిడి శిక్షణ గురించి క్లుప్తంగా చెప్తాను. జపనీయులకు ఇంగ్లిషు ర, ల తేడా నేర్పడానికి 1990ల మొదట్లో అమెరికాలో చేసిన ప్రయోగాల్లో, ఒకే గొంతు కాక అనేక గొంతులు వినిపించినప్పుడు నేర్చుకున్నది కొత్త మనుషుల మాటకూ పనికొచ్చింది. మీ బ్యాచ్‌లు నెలల తరబడి నా ఒక్కదాని గొంతే వింటాయి. తర్వాత ఒసాకా క్లయింట్ మాట్లాడితే బిత్తరపోతాయి. మీ సంస్థలకు జపాన్‌లో ఆఫీసులున్నాయి. అక్కడి ఉద్యోగులు పదిమంది, పది వయసులవాళ్ళు, ఒక బగ్ రిపోర్టును తమ మాటల్లో చెప్పి రికార్డు చేసి పంపితే ఏ ప్రచురణకర్తా అమ్మలేని పాఠం తయారవుతుంది. పని చేస్తూ భాష నేర్పే ఈ ఆలోచన ఎక్కడి నుంచో తేవలసింది కాదు. 1979 నుంచి 84 దాకా ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు, మద్రాసు చుట్టుపక్కల బడుల్లో రైల్వే టైంటేబుళ్ళు, మ్యాపులు ముందుపెట్టి ఇంగ్లిషు నేర్పించాడు. టాస్క్ ఆధారంగా భాష నేర్పే పద్ధతికి ప్రపంచం ఆ ప్రాజెక్టును మూలాల్లో ఒకటిగా చెప్పుకుంటుంది.

మీ సంఘం పరిధిలో లేనివాళ్ళ గురించి కూడా రాయక తప్పదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా మన నర్సులు జర్మన్, జపనీస్ నేర్చుకుని వెళుతున్నారు. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందాలంటే మామూలుగా బీ2 స్థాయి కావాలి. ఐటీ ఉద్యోగికి భాష రాకపోతే ఆన్‌సైట్ అవకాశం పోతుంది, ఉద్యోగం ఉంటుంది. ఖమ్మం జిల్లాలో తెలుగు మీడియం చదివి వచ్చిన నర్సుకు భాష రాకపోతే ఉన్న ఉద్యోగం వదులుకున్న ఏడాది, ఇంట్లో చేసిన అప్పు, రెండూ మీద పడతాయి. ఆమెకు జర్మన్‌ను ఇంగ్లిషులో చెబుతారు, ఆ ఇంగ్లిషే ఆమెకు కష్టం. అతను రేపు వస్తాడని నమ్ముతున్నాను అనే భావంలో, జర్మన్ ఉపవాక్యం ఎర్ మోర్గెన్ కొమ్‌ట్ అని సాగుతుంది: అతను, రేపు, వస్తాడు. క్రియ చివరికి వెళుతుంది. ఇంగ్లిషు పుస్తకం దాన్ని వింతగా చూపిస్తుంది, తెలుగు మనిషికి అది సహజమైన చోటు. డెర్, డీ, దస్ లింగభేదాలకు తెలుగు ఏ సాయం చేయదు. వాటిని మాటతో అంటించి, ఎడమిచ్చి మననం చేయించాలి. ఏది తేలికో ఏది కష్టమో ఆమెకు ముందే చెప్పగల తెలుగు పుస్తకం ఆమె చేతిలో ఉండాలి. మీ సంస్థల డబ్బుతో తయారయ్యే సామగ్రి ఆమెకూ అందితే ఎంత మేలు!

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. ఒక కంపెనీలో, ఒకే స్థాయి ఉన్న రెండు బ్యాచ్‌లతో ప్రయత్నం చేయించండి. ఒకటి ఇప్పటిలాగే శనివారాలు, ఇంగ్లిషు పుస్తకంతో నడవనివ్వండి. రెండోది అన్నే గంటలు, రోజూ కొంచెం చొప్పున, సొంత భాషతో పోల్చి, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుంటూ, చాలా గొంతులు వింటూ నడవాలి. ఆర్నెల్ల తర్వాత రెండు బ్యాచ్‌లవాళ్ళనూ ఒక నిజమైన క్లయింట్ కాల్ లాంటి సందర్భంలో మాట్లాడించి, ఎవరు ఏ బ్యాచో తెలియని జపాన్ మనుషుల చేత మార్కులు వేయించండి. కొలిచే పద్ధతి హెచ్‌సీయూ వాళ్ళకు తెలుసు. పాఠాలు రాయడానికి తార్నాకలో ఇఫ్లూ ఉంది, 1958 నుంచి భాషా బోధనే వృత్తిగా ఉన్న సంస్థ. అక్కడ జపనీస్, జర్మన్ రెండూ చెబుతారు. భాషల పోలికలను కంప్యూటర్‌కు నేర్పుతున్న ట్రిపుల్ ఐటీ మీ కారిడార్‌లోనే ఉంది. వెండార్‌కు డబ్బిచ్చేటప్పుడు ఎంతమంది ఎన్4 పాసయ్యారన్న లెక్కతో పాటు, ఆర్నెల్ల తర్వాత ఎంతమంది అయిదు నిమిషాలు మాట్లాడగలిగారన్న లెక్క కూడా ఒప్పందంలో రాయించండి. ఈ ఒక్క షరతు పెడితే మిగతా మార్పులు వెండార్లే తెచ్చుకుంటారని నా అనుభవం చెబుతోంది.

డిసెంబరు పరీక్షకు కొత్త బ్యాచ్‌లు కట్టేలోపు హెచ్‌సీయూ, ఇఫ్లూ, ట్రిపుల్ ఐటీ, టామ్‌కామ్ వాళ్ళను ఒక పూట పిలిపించండి. తెలుగు వాక్యం పక్కన జపనీస్ వాక్యం పెట్టి నేను తయారుచేసుకున్న నోట్సు మొత్తం ఆ సమావేశానికి తెచ్చిస్తాను. ఎవరైనా వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు.

ఇట్లు,
కొండాపూర్ నుంచి ఒక జపనీస్ ఉపాధ్యాయురాలు